బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో యాంటెన్నాతో రేడియో-కెనడా 25.1 వస్తుందా? సిగ్నల్ ఎంత దూరం వెళ్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

మీరు అడిగింది ఇదీ: టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఉంటున్నారు. టెఫ్ కెనడా (వలసకు పనికొచ్చే ఫ్రెంచ్ భాషా పరీక్ష) కోసం రోజూ ఫ్రెంచ్ వినాలి, కేబుల్ కనెక్షన్ లేదు. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న టీవీకి "200 మైళ్లు" అని రాసి ఉన్న పల్చటి అట్టలాంటి యాంటెన్నా తగిలించారు. స్కాన్ చేస్తే ఒక్క ఛానలూ దొరకలేదు. కెనడా ప్రభుత్వ ఫ్రెంచ్ టీవీ రేడియో-కెనడా అంటారియోలో అసలు ఎంత దూరం వస్తుంది, అంటారియోలోనే ఉన్న లండన్‌కు మారబోతున్న మీ తమ్ముడికీ వస్తుందా, అంటారియో ఫ్రెంచ్ విద్యా ఛానల్ టీఎఫ్‌ఓ కూడా ఇలాగే పట్టుకోవచ్చా అన్నవి మిగతా ప్రశ్నలు.

బ్రాంప్టన్‌లో వస్తుంది, నెలకు పైసా కట్టకుండా హెచ్‌డీలో వస్తుంది. కానీ ఆ టీవీతో రాదు, బేస్‌మెంట్‌లో పెట్టిన యాంటెన్నాతోనూ దాదాపు రాదు. లండన్‌లో యాంటెన్నాతో రాదు. టీఎఫ్‌ఓ యాంటెన్నాతో ఎక్కడా రాదు. వీటన్నిటికీ వేరే దారులున్నాయి, అవి కూడా చెబుతాను.

ముందు స్టేషన్ సంగతి. టొరంటోలోని రేడియో-కెనడా టీవీ స్టేషన్ కాల్‌సైన్ సీబీఎల్ఎఫ్‌టీ. పేరులో రేడియో అని ఉన్నా సీబీసీ అనే ప్రభుత్వ ప్రసార సంస్థకు ఇది ఫ్రెంచ్ విభాగం, టీవీ, రేడియో రెండూ నడుపుతుంది. సీబీసీ ఇంగ్లిష్ టీవీ టొరంటోలో 1952లోనే మొదలైంది. ఫ్రెంచ్ వాళ్లకు సొంత స్టేషన్ 1973లో వచ్చింది, అంటే 21 ఏళ్ల తర్వాత. ఇప్పుడు దాని ప్రసారం సీఎన్ టవర్ కొన నుంచి, యూహెచ్‌ఎఫ్ (టీవీకి వాడే ఎక్కువ పౌనఃపున్యాల బ్యాండ్) 25వ ఛానల్‌లో, అంటే 536 నుంచి 542 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తోంది. టీవీలో కనిపించే నంబరు కూడా 25.1. చాలా స్టేషన్లకు తెర మీద కనిపించే నంబరు ఒకటి, గాలిలో వాడే ఛానల్ వేరొకటి. ఉదాహరణకు సీబీసీ ఇంగ్లిష్ తెర మీద 5.1, నిజానికి వచ్చేది యూహెచ్‌ఎఫ్ 20లో. ఫ్రెంచ్ స్టేషన్‌కు రెండూ ఒకటే కావడం వల్ల చేత్తో వెతికేటప్పుడు పని తేలిక.

ఇక "200 మైళ్లు" సంగతి. ఆ అంకె డబ్బా మీద అచ్చు వేసిందే తప్ప దానికి ఆధారం ఏమీ లేదు. ఈ తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి, భూమి వంపు దాటాక బాగా పడిపోతాయి. మామూలు లెక్క ఇది: ట్రాన్స్‌మిటర్ ఎత్తుకు, మీ యాంటెన్నా ఎత్తుకు (రెండూ మీటర్లలో) వేర్వేరుగా వర్గమూలం తీయండి, రెండూ కలిపి 4.12తో గుణించండి, కిలోమీటర్లు వస్తాయి. సీఎన్ టవర్ ఎత్తు 553 మీటర్లు. ప్రసార యాంటెన్నాను 500 మీటర్ల దగ్గర అనుకుందాం. వర్గమూలం సుమారు 22.4, గుణిస్తే 92 కిలోమీటర్లు. రెండంతస్తుల ఇంటి పైకప్పు మీద 9 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే ఇంకో 12 కలుస్తాయి. అంటే నేల చదునుగా ఉంటే మొత్తం 104 కిలోమీటర్లు, 65 మైళ్లు. ఇది బయట, ఎత్తులో, అడ్డం లేకుండా ఉన్న యాంటెన్నాకు వర్తించే లెక్క. గోడకు అంటించిన అట్టకు కాదు.

ఊళ్ల వారీగా చూస్తే (దూరాలు, దిక్కులు సుమారుగా): మిస్సిస్సాగా స్క్వేర్‌వన్ దగ్గర నుంచి టవర్ 21 కిలోమీటర్లు, తూర్పుకు కొద్దిగా ఉత్తరం. బ్రాంప్టన్ డౌన్‌టౌన్ నుంచి 30 కిలోమీటర్లు, ఇంచుమించు నేరుగా తూర్పు, నిజ ఉత్తరం నుంచి లెక్కిస్తే 99 డిగ్రీలు. మౌంట్ ప్లెజెంట్ వైపు ఉంటే 35. మార్కమ్ నుంచి 25, దక్షిణానికి. మిల్టన్ నుంచి 42, ఆషవా నుంచి 50. వీటన్నిటిలో మధ్యరకం యాంటెన్నా చాలు. హామిల్టన్ 58 కిలోమీటర్లు. అక్కడ ఊరి మధ్యలో పెద్ద గట్టు ఉంది కాబట్టి రాదేమోనని చాలామంది భయపడతారు. కానీ గట్టు ఉన్నది దక్షిణం వైపు, అది అడ్డుకునేది బఫెలో నుంచి వచ్చే అమెరికన్ ఛానళ్లను. టొరంటో ఉన్నది ఈశాన్యంలో, సరస్సు మీదుగా. కింది హామిల్టన్‌లో కూడా 25.1 బాగానే దొరుకుతుంది. సెయింట్ క్యాథరిన్స్ 55 కిలోమీటర్ల దూరంలో ఉన్నా నడుమ అంతా నీళ్లే, చెట్టూ లేదు, మేడా లేదు.

గట్టుకు అవతల పరిస్థితి వేరు. నయాగరా గట్టు మిల్టన్‌కు పడమరగా ఉత్తరానికి సాగిపోతుంది. గట్టుకు తూర్పున ఉన్న మిల్టన్ ఊరికి ఇబ్బంది లేదు. పడమరన ఉన్న గ్వెల్ఫ్‌లో ఒక వీధిలో వస్తుంది, పక్క వీధిలో రాదు. వాటర్లూ 93 కిలోమీటర్లు, బారీ 86. ఇవి లెక్క ప్రకారం అంచు మీద ఉన్నాయి. పైకప్పు మీద పెద్ద యాంటెన్నా, దాని పక్కనే ప్రీయాంప్లిఫయర్ (సిగ్నల్‌ను పెంచే చిన్న పరికరం) పెడితే చాలా రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. అద్దె ఇంట్లో ఆ ఖర్చు పెట్టమని చెప్పను.

మీ ఇంటి అడ్రస్‌కు ఖచ్చితమైన అంచనా కావాలంటే రాబిట్‌ఇయర్స్ వెబ్‌సైట్‌లో సిగ్నల్ సెర్చ్ మ్యాప్ ఉంది, కెనడా స్టేషన్లూ అందులో ఉంటాయి. ఇంటి స్థానం, యాంటెన్నా ఎత్తు ఇస్తే దారిలోని గుట్టలను లెక్కలోకి తీసుకుని చెబుతుంది. ఎత్తు దగ్గర నిజం రాయండి. 9 మీటర్లు అని రాసి బేస్‌మెంట్‌లో పెడితే ఆ ఫలితానికి అర్థం లేదు.

ఇప్పుడు మీ టీవీ. ఇదే అసలు చిక్కు. ఉత్తర అమెరికాలో గాలి ద్వారా వచ్చే టీవీ ఏటీఎస్‌సీ పద్ధతిలో ఉంటుంది. ఇండియాలో అమ్మే టీవీల ట్యూనర్ పాత అనలాగ్‌కో, డీవీబీ కుటుంబానికో సరిపోతుంది. రెండింటికీ పొత్తు కుదరదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మారేదీ కాదు. స్కాన్‌లో సున్నా రావడానికి యాంటెన్నా కన్నా ముందు కారణం ఇదే. ఆ టీవీని పారేయక్కర్లేదు. ఏటీఎస్‌సీ కన్వర్టర్ బాక్స్ ఒకటి కొని హెచ్‌డీఎంఐతో కలిపితే టీవీ తెరగా పనికొస్తుంది. బాక్స్‌ది 110 వోల్టుల అడాప్టర్ అని చూసుకోండి. టీవీ వెనుక స్టిక్కర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే దానికీ ప్లగ్ మారిస్తే చాలు. ఇక్కడ కొన్న టీవీ అయినా కొన్ని చవక మోడళ్లలో ట్యూనరే ఉండదు. వెనుక యాంటెన్నా సాకెట్ (మధ్యలో సన్న రంధ్రం, చుట్టూ మర) ఉందో లేదో చూడండి. ఫైర్ స్టిక్‌లోనూ కంప్యూటర్ మానిటర్‌లోనూ ట్యూనర్ ఉండదు.

ట్యూనర్ సరైనదే అయినా ఒక్క ఛానలూ దొరకని వాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: మెనూలో "కేబుల్" ఎంచి స్కాన్ చేయడం. "ఎయిర్" లేదా "యాంటెన్నా" అని ఉన్నదే ఎంచాలి. రెండు పద్ధతుల మాడ్యులేషన్ వేరు, పొరపాటున కేబుల్ ఎంచితే సీఎన్ టవర్ కిటికీలోంచి కనిపిస్తున్నా సున్నాయే వస్తుంది.

ఇక బేస్‌మెంట్. యూహెచ్‌ఎఫ్ తరంగం చెక్కను, జిప్సమ్ బోర్డును కొంత నష్టంతో దాటుతుంది. మట్టినీ కాంక్రీటునూ దాటదు. మీ కిటికీ సగం నేల కింద ఉండి, బయట ఇనుప రేకు చుట్టి ఉంటుంది, రేకు మిగిలిన ఆశనూ తుంచేస్తుంది. బేస్‌మెంట్‌లో ఎంత ఖరీదైన యాంటెన్నా పెట్టినా లాభం లేదు, యాంప్లిఫయర్ ఉన్నదీ అంతే. లేని సిగ్నల్‌ను పెంచితే దాంతోపాటు రొద కూడా పెరుగుతుంది. యాంటెన్నా పైకి వెళ్లాలి, అది ఒక్కటే మార్గం.

ఇందుకు ఇంటి ఓనర్‌తో మాట్లాడాలి. అడిగేటప్పుడు రెండు విషయాలు కనుక్కోండి. ఇంటి మీద పాత యాంటెన్నా గానీ, వాడకంలో లేని శాటిలైట్ డిష్ గానీ ఉందా? డిష్ ఉంటే దాని స్తంభం, అక్కడి నుంచి ఇంట్లోకి దిగిన కోక్సియల్ వైరు (కేబుల్ టీవీకి వాడే గుండ్రటి వైరు) రెండూ మీకు పనికొస్తాయి (డిష్ మాత్రం కాదు). రెండోది, కేబుల్ కంపెనీ ఎప్పుడో వేసిన వైర్లు అన్ని గదుల నుంచి ఎక్కడ కలుస్తున్నాయి? సాధారణంగా బేస్‌మెంట్‌లోనే, ఫర్నేస్ గదిలో. పై గదిలోని సాకెట్‌కు యాంటెన్నా తగిలించి, ఫర్నేస్ గదిలో ఆ గది వైరునూ మీ గది వైరునూ ఒక చిన్న జాయింటుతో కలిపేస్తే కొత్త వైరు లాగే పనే ఉండదు. ఓనర్ ఇంటర్నెట్ కేబుల్ మోడెమ్ ద్వారా వస్తుంటే ఆ వైరును మాత్రం ముట్టుకోవద్దు. దానికీ యాంటెన్నాకూ మధ్య ఎక్కడా కలయిక ఉండకూడదు.

వైరు కలపడం కుదరకపోతే నెట్‌వర్క్ ట్యూనర్ వాడొచ్చు, హెచ్‌డీహోమ్‌రన్ లాంటిది. యాంటెన్నాతోపాటు దాన్ని పై అంతస్తులో రౌటర్ పక్కన పెట్టి ఈథర్‌నెట్ వైరుతో కలిపితే, అదే వైఫైలో ఉన్న మీ టీవీలోనో ఫోన్‌లోనో యాప్‌తో చూడొచ్చు. ఏటీఎస్‌సీలో ఒక ఛానల్ మొత్తం సామర్థ్యం సెకనుకు 19.39 మెగాబిట్లు, ఆ డేటా యథాతథంగా వైఫైలో వస్తుంది. బేస్‌మెంట్ మూలకు వైఫై నీరసంగా ఉంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, అప్పుడు తప్పు యాంటెన్నాది కాదు. వీడియో ఎంపెగ్-2లో ఉంటుంది కాబట్టి మీ పరికరం దాన్ని విప్పగలదో లేదో కొనే ముందే చూసుకోండి. ఇండియా టీవీ సమస్య కూడా దీంతో తీరిపోతుంది, ఎందుకంటే ట్యూనర్ పని టీవీ చేయక్కర్లేదు.

యాంటెన్నా ఏది కొనాలి? 30 కిలోమీటర్లలో, పై అంతస్తు గదిలో, తూర్పు కిటికీ దగ్గర పెట్టేట్టయితే చిన్న బోటై యాంటెన్నా చాలు. సీతాకోకచిలుక రెక్కల్లా రెండేసి తీగలు, వెనుక జాలీ ఉండే రకం. అటకలోనో పైకప్పు మీదో పెట్టేట్టయితే నాలుగు జతల రెక్కలున్న ఫోర్-బే తీసుకోండి. పైకప్పు మీద 60 కిలోమీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. యూహెచ్‌ఎఫ్‌కు మాత్రమే చేసిన యాంటెన్నా ఫ్రెంచ్ ఛానల్‌కు సరిపోతుంది. కానీ ఇంగ్లిష్ ఛానల్ సీటీవీ 9.1 వీహెచ్‌ఎఫ్‌లో (యూహెచ్‌ఎఫ్ కన్నా తక్కువ పౌనఃపున్యాల బ్యాండ్) వస్తుంది, అది కూడా కావాలంటే రెండు బ్యాండ్లకూ పనిచేసేది చూసుకోండి.

కొనేముందు మీ ఇంటికి వస్తుందో రాదో పరీక్షించాలంటే ఒక డైపోల్ (రెండు తీగల సాదా యాంటెన్నా) చేసుకోండి, ఖర్చు దాదాపు లేదు. 539 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 55.6 సెంటీమీటర్లు. అందులో సగం 27.8, తీగ మందం, కొసల ప్రభావం వల్ల ఐదు శాతం తగ్గిస్తే 26.4. కాబట్టి 13.2 సెంటీమీటర్ల రాగి తీగలు రెండు కత్తిరించి, ఒక చెక్కపుల్ల మీద ఒకే వరుసలో, మధ్యలో ఒక సెంటీమీటరు ఎడం వదిలి బిగించండి. ఆర్‌జీ-6 రకం కోక్సియల్ వైరు నడిమి తీగను ఒకదానికి, పై అల్లికను రెండోదానికి కలపండి. డైపోల్ నిరోధం సుమారు 73 ఓమ్‌లు, వైరుది 75, నేరుగా కలుస్తాయి. పాత యాంటెన్నాలతో వచ్చే 300-75 బాలున్ (300 ఓమ్‌లను 75కు మార్చే ముక్క) ఇక్కడ పెట్టొద్దు, పెడితే పొత్తు చెడుతుంది. పుల్లను నేలకు సమాంతరంగా, టవర్ వైపుకు అడ్డంగా పట్టుకోవాలి. పుల్ల కొస టవర్ వైపు చూస్తే ఏమీ రాదు. దీంతో పై అంతస్తు కిటికీ దగ్గర 25.1 తళుక్కుమన్నా చాలు, మంచి యాంటెన్నాతో నిలకడగా వస్తుందని అర్థం.

కిటికీల దగ్గర ఒక జాగ్రత్త. కొత్త ఇళ్లలో చలికి వేసే లో-ఈ అద్దాలకు కంటికి కనిపించని లోహపు పూత ఉంటుంది. అది వేడినే కాదు, టీవీ సిగ్నల్‌నూ వెనక్కి కొడుతుంది. అలాంటి ఇంట్లో అద్దానికి అంటించిన యాంటెన్నా కన్నా పక్కనున్న మామూలు గోడకు ఆనించినదే బాగా పనిచేయొచ్చు. అల్యూమినియం సైడింగ్ ఉన్న గోడ అయితే అద్దం కన్నా హీనం. అటకలో పెట్టేముందు పైకప్పు లోపలి వైపు మెరిసే రేకు లాంటి ఇన్సులేషన్ ఉందేమో చూడండి. ఉంటే అటకా పనికిరాదు. తడిమంచు పేరుకున్న రోజుల్లో అటకలో సిగ్నల్ కొంత తగ్గడం మామూలే, అందుకే మొదటి రోజే కొంత మిగులు ఉండేలా బిగించుకోవాలి.

దిక్కు పెట్టేటప్పుడు ఫోన్‌లోని దిక్సూచి వాడతారు కదా, సెట్టింగ్స్‌లో నిజ ఉత్తరం ఎంచుకోండి. టొరంటో ప్రాంతంలో అయస్కాంత ఉత్తరం నిజ ఉత్తరానికి పడమరగా సుమారు 10 డిగ్రీలు ఉంటుంది. నిజంగా 99 డిగ్రీలున్న టవర్ మామూలు దిక్సూచిలో 109 దగ్గర కనిపించాలి. చిన్న యాంటెన్నాకు పది డిగ్రీల తేడా లెక్కలోకి రాదు, పెద్దవాటికి వస్తుంది.

బిగించాక టీవీలో సిగ్నల్ మీటరు తెరవండి. బలం, నాణ్యత అని రెండు గీతలుంటే నాణ్యతనే నమ్మండి. ఈ పద్ధతిలో సిగ్నల్ రొద కన్నా సుమారు 15 డెసిబెల్స్ పైన ఉన్నంతసేపు బొమ్మ మచ్చలేకుండా ఉంటుంది, దాని కిందికి జారితే గళ్లుగళ్లుగా విరిగి మాయమవుతుంది. పాత అనలాగ్‌లో చుక్కలు పడుతూ అయినా కనిపించేది, ఇక్కడ ఆ మధ్యస్థితి ఉండదు. అందుకే ఈరోజు బాగా వస్తోందంటే సరిపోదు, ఎంత మిగులుతో వస్తోందో చూడాలి. యాంటెన్నాను ఒక్కోసారి అడుగు పక్కకు, అడుగు పైకి జరిపి, ప్రతిసారీ కాసేపు ఆగి నాణ్యత గీత చూడండి. ఎదురింటి గోడ నుంచి తిరిగొచ్చిన సిగ్నల్ అసలుదాన్ని ఒకచోట కొట్టేస్తుంది, అడుగు దూరంలో కొట్టేయదు.

యాంప్లిఫయర్ విషయంలో చాలా డబ్బు వృథా అవుతోంది. అది యాంటెన్నాను పెద్దది చేయదు. పొడవాటి వైరులోనూ, సిగ్నల్‌ను పంచే స్ప్లిట్టర్‌లోనూ పోయేదాన్ని పూడుస్తుంది, అంతే. ఆర్‌జీ-6 వైరు ఈ పౌనఃపున్యంలో 30 మీటర్లకు ఐదు డెసిబెల్స్ దాకా తినేస్తుంది, రెండు దారుల స్ప్లిట్టర్ ఇంకో మూడున్నర, నాలుగు దారులది ఏడు. ఒక టీవీకి పది మీటర్ల వైరు అయితే యాంప్లిఫయర్ దండగ. పెట్టాల్సివస్తే యాంటెన్నా దగ్గరే పెట్టాలి, టీవీ దగ్గర కాదు. దానికి కావాల్సిన కరెంటు ఆ కోక్సియల్ వైరు లోపలి నుంచే వెళ్తుంది, కాబట్టి ఆ కరెంటును వైరులోకి పంపే పవర్ ఇన్సర్టర్‌ను తలకిందులుగా కలిపినా, మధ్యలో కరెంటు దాటనివ్వని స్ప్లిట్టర్ ఉన్నా యాంప్లిఫయర్ చచ్చిపడి ఉంటుంది. కరెంటు అందని యాంప్లిఫయర్ సిగ్నల్‌ను దాటనివ్వదు. "యాంప్లిఫయర్ పెట్టాక ఉన్నదీ పోయింది" అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే.

రెండో కారణం మొబైల్ టవర్లు. టీవీకి ఇప్పుడు 608 మెగాహెర్ట్జ్ వరకే మిగిలింది, పైదాంట్లో చాలావరకు సెల్‌ఫోన్లకు ఇచ్చేశారు. పాత యాంప్లిఫయర్లు ఆ పైభాగాన్నీ పెంచుతాయి, వీధి చివర సెల్ టవర్ ఉంటే ట్యూనర్ ముంచెత్తినట్టయి 25.1తో సహా అన్నీ పోతాయి. 608 దగ్గర కోసే ఎల్‌టీఈ ఫిల్టర్‌ను యాంటెన్నాకూ యాంప్లిఫయర్‌కూ మధ్య పెట్టాలి, తర్వాత పెడితే ఉపయోగం లేదు. డౌన్‌టౌన్ టొరంటో కాండోలో, టవర్‌కు రెండు మూడు కిలోమీటర్లలో ఉన్నవాళ్లకు ఇందుకు వ్యతిరేకమైన ఇబ్బంది: సిగ్నల్ ఎక్కువై ట్యూనర్ తట్టుకోలేదు. వాళ్లకు 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే ముక్క) కావాలి, యాంప్లిఫయర్ కాదు.

కనెక్టర్ల దగ్గర శ్రద్ధ పెట్టండి. వైరు కొస ఒలిచేటప్పుడు అల్లికలోని ఒక్క వెంట్రుకవాసి తీగ నడిమి తీగకు తగిలినా షార్ట్ అయి అంతా పోతుంది. నడిమి తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. బయట పెట్టిన యాంటెన్నా అయితే వైరు ఇంట్లోకి దూరేముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, వాన నీరు అక్కడ కారిపోతుంది. స్తంభాన్నీ వైరు అల్లికనూ ఇంటి ఎర్త్‌కు కలపాలి. అది ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఓనర్ ఇన్సూరెన్స్ కోసం కూడా అది అవసరం.

ఇప్పుడు మీ తమ్ముడి లండన్. టొరంటో నుంచి 167 కిలోమీటర్లు, పై లెక్క ప్రకారం సీఎన్ టవర్ అందదు. ఒకప్పుడు అక్కడ రేడియో-కెనడాకు సొంత రిపీటర్ (వేరే ఊరి స్టేషన్ ప్రసారాన్ని మళ్లీ పంపే ట్రాన్స్‌మిటర్) ఉండేది. పెద్ద ఊళ్లలో అనలాగ్ ఆపడానికి గడువు 2011 ఆగస్టు 31. సీబీసీ తన సొంత స్టేషన్లున్న చోట డిజిటల్ ట్రాన్స్‌మిటర్లు పెట్టింది, రిపీటర్లను మార్చలేదు. 2012 ఫెడరల్ బడ్జెట్‌లో సంస్థకు మూడేళ్లలో 11.5 కోట్ల డాలర్ల కోత పడింది. 2012 జూలై 31న దేశమంతటా మిగిలిన ఆరు వందలకు పైగా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ఒకేసారి ఆపేశారు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ కలిపి మిగిలినవి 27 డిజిటల్ ట్రాన్స్‌మిటర్లు. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉన్న సడ్‌బరీ లాంటి ఊళ్లకు కూడా గాలిలో వచ్చే ఫ్రెంచ్ టీవీ ఆ రోజుతో పోయింది. అంటారియోలో ఆరు లక్షలకు పైగా ఫ్రెంచ్ జనం ఉన్నారు. వాళ్ల పన్నులతోనే నడిచే ఛానల్‌ను చూడ్డానికి సడ్‌బరీలో డబ్బు కట్టాలి, టొరంటోలో అక్కర్లేదు. ఇది న్యాయం కాదు.

అంటారియోలో ఇప్పుడు యాంటెన్నాకు దొరికేది టొరంటోలో 25.1, విండ్సర్‌లో 35.1, ఒట్టావాలో 9.1. ఒట్టావా ట్రాన్స్‌మిటర్ నది అవతల గాటినో కొండల్లో క్యాంప్ ఫార్చూన్ దగ్గర ఉంది. అంటారియో బయట మన వాళ్లు ఎక్కువగా అడిగే ఊళ్లలో మాంట్రియల్ 2.1, విన్నిపెగ్ 3.1, ఎడ్మంటన్ 11.1, వాంకూవర్ 26.1. క్యాల్గరీలో లేదు, అక్కడి రిపీటర్ కూడా 2012లో పోయింది. మాంట్రియల్ వాళ్లు అదృష్టవంతులు, టీవీఏ 10.1, టెలె-క్యుబెక్ 17.1, నూవో 35.1 కూడా అదే యాంటెన్నాతో వస్తాయి. టొరంటోలో యాంటెన్నాకు ఫ్రెంచ్ అంటే ఒక్క 25.1 మాత్రమే.

టీఎఫ్‌ఓ వేరే సంస్థ, అంటారియో ప్రభుత్వపు ఫ్రెంచ్ విద్యా ఛానల్. 1987లో టీవీ అంటారియోకు అనుబంధంగా మొదలై 2007లో విడిపోయింది. 2012లో అది కూడా గాలి ప్రసారం మానేసింది. ఇప్పుడు కేబుల్‌లో, వెబ్‌సైట్‌లో, యూట్యూబ్‌లో చూడొచ్చు. చిన్నపిల్లల కార్యక్రమాలు ఎక్కువ, ఫ్రెంచ్ ఇమ్మర్షన్ బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో చాలా ఉపయోగం.

లండన్‌లో మీ తమ్ముడికి మూడు దారులు. రేడియో-కెనడా వాళ్ల టూ.టీవీ యాప్ కెనడాలో ఉన్నవాళ్లకు ప్రకటనలతో ఉచితం. ఎక్స్‌ట్రా అనే మెట్టుకు మాత్రమే డబ్బు కట్టాలి. కేబుల్ తీసుకుంటే 2016 మార్చి నుంచి ప్రతి కంపెనీ నెలకు 25 డాలర్లు మించని ప్రాథమిక ప్యాకేజీ ఇవ్వాలన్నది సీఆర్‌టీసీ (కెనడా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన (బాక్స్ అద్దె అదనం). ఫోన్‌లో అడిగితే పెద్ద ప్యాకేజీలే ముందు చెబుతారు, "బేసిక్" అని పట్టుబట్టండి, అందులోని ఫ్రెంచ్ ఛానళ్ల జాబితా రాతపూర్వకంగా తీసుకోండి. మూడోది రేడియో. టొరంటోలో రేడియో-కెనడా వాళ్ల రేడియో ఇసి ప్రెమియేర్ ఏఎం 860లో, 50 కిలోవాట్లతో, మిల్టన్ దగ్గర హార్న్‌బీ నుంచి ప్రసారమవుతుంది. 1964 నుంచి అది ఫ్రెంచ్ స్టేషన్. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని పోతుంది కాబట్టి టీవీ ఆగిపోయిన చోటు దాటి చాలా దూరం వినిపిస్తుంది. బ్రాంప్టన్ నుంచి డౌన్‌టౌన్‌కు కారులో వెళ్లేవాళ్లకు పోనూ రానూ అంతా వినికిడి సాధనే. కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం ఉండదు, అది చూసుకోండి.

ఇదంతా పరీక్ష కోసమే కాబట్టి దాని సంగతి కూడా చెబుతున్నాను. 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (శాశ్వత నివాసానికి దరఖాస్తుదారులను ఎంచే పద్ధతి) ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు ప్రత్యేక డ్రాలు తీస్తున్నారు, నాలుగు నైపుణ్యాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (కెనడాలో ఫ్రెంచ్ భాషాస్థాయి కొలమానం) 7 కావాలి. టెఫ్ నిర్వహించేది పారిస్ వాణిజ్య మండలి. ధారావాహికల్లో వినిపించే క్యుబెక్ వాడుక యాస మొదట్లో చెవికి ఎక్కదు, దాంతో మొదలుపెడితే నిరుత్సాహం వస్తుంది. వార్తలతో మొదలుపెట్టండి. సాయంత్రం 6కు అంటారియో టెలెజుర్నాల్ (టీవీ వార్తలు), రాత్రి 10కి జాతీయ టెలెజుర్నాల్. చదివేవాళ్ల ఉచ్చారణ స్పష్టం, వాక్యాలు పొడవైనా పద్ధతిగా ఉంటాయి. స్థానిక వార్తల్లో ఇళ్ల అద్దెలు, రోడ్లు, ఆసుపత్రులు, బడులు వస్తాయి, పరీక్షలో అడిగే పదజాలమూ ఇదే. క్యాప్షన్లు ఫ్రెంచ్‌లోనే వస్తాయి. కన్వర్టర్ బాక్స్ వాడితే వాటిని బాక్స్ మెనూలో ఆన్ చేయాలి, హెచ్‌డీఎంఐ దాటాక టీవీ రిమోట్‌లోని సీసీ బటన్ పనిచేయదు. ప్రత్యక్ష వార్తల్లో క్యాప్షన్ మాటకు కాస్త వెనకబడుతుంది, కొన్నిసార్లు పదమే తప్పుగా పడుతుంది. చదివింది, విన్నది కలవకపోతే చెవినే నమ్మండి.

చివరిగా, అన్నీ సరిగా కుదిరాక కూడా ఎండాకాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో, సాయంత్రాల్లో 25.1 ఉన్నట్టుండి పోవచ్చు. సరస్సు మీద చల్లగాలి, పైన వెచ్చగాలి పొరలుగా ఏర్పడినప్పుడు మామూలుగా రాని దూరపు స్టేషన్ల సిగ్నల్ వంగి ఇక్కడిదాకా వచ్చి, అదే ఛానల్ మీద పడి కొట్టుకుంటుంది. ఎండ ఎక్కాక దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయంలో కంగారుపడి రీస్కాన్ మాత్రం చేయకండి. చాలా టీవీలు స్కాన్ మొదలుపెట్టగానే పాత జాబితా చెరిపేస్తాయి, ఆ నిమిషంలో 25.1 దొరకకపోతే జాబితాలోంచే పోతుంది, తర్వాత సిగ్నల్ వచ్చినా కనిపించదు. ఇప్పటికే అలా పోయి ఉంటే, సిగ్నల్ బాగున్న వేళ చూసి చేత్తో 25వ ఛానల్ కలిపే మెనూ ఉంటే అది వాడండి, లేకపోతే అప్పుడు పూర్తి స్కాన్ చేయండి.